ఈశ్వరి తీగ దొరికితేనే క్రిమ్సన్ రోజ్

క్రిమ్సన్ రోజ్ ప్రధానంగా భారతదేశంలోనూ శ్రీలంకలోనూ కనిపించే పెద్ద సీతాకోకచిలుక. రెక్కలు పూర్తిగా విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు 9 నుంచి 11 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు రెక్కలు నల్లగా ఉండి, వాటి మీద తెగి తెగి సాగే రెండు తెల్లటి పట్టీలు ఉంటాయి. వెనక రెక్కల అంచున రెండు వరసల్లో ఎర్రటి మచ్చలు, చివర ఒక్కో నల్లటి తోక. తల, పొట్ట కుంకుమ ఎరుపు. ఆడదానిలో ఈ ఎరుపు కాస్త వెలిసినట్టు ఉంటుంది. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లో దీన్ని శాస్త్ర గ్రంథానికి ఎక్కించాడు. రెక్కలు నల్లగా, రొమ్ము మీద నెత్తుటి రంగు మచ్చలు ఉన్న సీతాకోకచిలుకలకు ఆయన ట్రాయ్ యుద్ధ వీరుల పేర్లు పెట్టాడు. ఈ జాతికి హెక్టర్ పేరు దక్కింది. నేటి శాస్త్రీయ నామం పాక్లియోప్టా హెక్టర్.

నెల్లూరు తీరంలో ఈ జాతిని వెతకడానికి మనుబోలు పరిసరాలు అనువైనవి. సముద్రతీరపు ఇసుక నేలలు, మాగాణి, మెట్ట అడవి మూడూ ఒక్క రోజులో తిరిగి చూడగలిగినంత దగ్గరగా ఇక్కడ ఉన్నాయి. అయితే ఈ వెతుకులాటలో మొదట చూడాల్సింది రెక్కలను కాదు, ఒక తీగను.

అరుదు అంటే ఎంత అరుదు?

క్రిమ్సన్ రోజ్‌ను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులి, ఏనుగు ఉన్న షెడ్యూల్ అది. ఆ చట్టానికి 2022లో జరిగిన సవరణ షెడ్యూళ్లన్నిటినీ కొత్తగా కూర్చింది కాబట్టి, దీని నేటి స్థానాన్ని కొత్త జాబితాలో సరిచూసుకోవాలి. చట్టంలో ఇంత పెద్ద పీట దక్కిన ఈ సీతాకోకచిలుక కొన్ని చోట్ల, కొన్ని వారాలు వందల సంఖ్యలో ఎగురుతుంది. వలసకు ముందు గుంపులు కట్టడం, రామేశ్వరం దగ్గర పాక్ జలసంధి మీదుగా శ్రీలంక వైపు సాగిపోవడం చాలాకాలంగా నమోదవుతూ వచ్చాయి.

కాబట్టి దీన్ని అరుదు అనడంలో అర్థం వేరు. ప్రపంచపటంలో ఇది తిరిగే ప్రాంతం చిన్నది. దాని పిల్లలు తినేది ఒకే ప్రజాతికి చెందిన మొక్కలను. ఆ మొక్క లేని ఊళ్లో ఏడాది పొడవునా తిరిగినా, దారినపోయే ఒకటి రెండు తప్ప కనిపించకపోవచ్చు. ఉన్న చోట కూడా వానలు ముగిశాక విరివిగా ఉండి, ఎండలు ముదిరేసరికి మాయమవుతుంది. చోటు, నెల, వేళ మూడూ కలిసినప్పుడే ఇది దొరుకుతుంది.

ఏ నెలలో వెతకాలి?

నెల్లూరు జిల్లాకు వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు, తుపానులు ఈ తీరాన్ని తడుపుతాయి. నైరుతి వానల మీద బతికే తెలంగాణలోనూ ఉత్తర కోస్తాలోనూ ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చే పచ్చదనం ఇక్కడ నవంబరులో వస్తుంది. దేశవ్యాప్తంగా సీతాకోకచిలుకల ప్రియులు 2020 నుంచి సెప్టెంబరును ‘బిగ్ బటర్‌ఫ్లై మంత్’గా జరుపుతున్నారు. ఆ నెలలో మనుబోలు పొలాల్లో ఇంకా వేడి తగ్గదు, కంచెల మీద తీగలు పూర్తిగా చిగురించవు.

వానకు తీగ చిగురిస్తుంది. చిగురు మీద ఆడ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పెద్ద సీతాకోకచిలుకలుగా మారడానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. ఈ లెక్కన నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలమైన కాలం. అందులోనూ తుపాను వెలిసి, నాలుగైదు రోజులు ఎండ కాసిన తరువాతి ఉదయం మేలు. ముసురు పట్టిన రోజున బయలుదేరడం వృథా. సీతాకోకచిలుక ఒంట్లో వేడి తనంతట తాను పుట్టదు. ఎండ తగిలి రెక్కల కండరాలు వేడెక్కితే గానీ అది లేవలేదు.

నేల తీరు

మనుబోలు నెల్లూరుకు దక్షిణాన, గూడూరుకు ఉత్తరాన ఉంది. విజయవాడ–గూడూరు రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి రెండూ ఈ ఊరిని ఆనుకుని పోతాయి. రోడ్డుకు రెండు వైపులా చెరువుల కింద వరి మాగాణి. తూర్పుకు వెళ్లేకొద్దీ నేల చవుడు బారుతుంది. ముత్తుకూరు, కృష్ణపట్నం వైపు రొయ్యల చెరువులు, ఉప్పుటేరు, ఇసుక దిబ్బల మీద సరుగుడు తోటలు. పడమటికి, అంటే పొదలకూరు, సైదాపురం వైపు నేల ఎర్రబడి మెట్ట పెరుగుతుంది. అక్కడ నిమ్మతోటలు, అభ్రకం గనుల పాత గుట్టలు, బలుసు, రేగు, కలివి, వావిలి పొదలతో నిండిన చిట్టడవి. ఇంకా పడమటికి పోతే వెలికొండలు.

ఈ మూడు పట్టీల్లో క్రిమ్సన్ రోజ్‌కు ఎక్కువ ఆశ ఉన్నవి రెండు. ఒకటి పడమటి మెట్ట పొదలు. రెండోది తూర్పున పాత ఇసుక దిబ్బల మీద దున్నకుండా మిగిలిన పొదలు, తోటల కంచెలు. నడుమ ఉన్న మాగాణిలో అది తేనె కోసం వచ్చిపోతుందే తప్ప నిలవదు. సర్కారు తుమ్మ ఒక్కటే దట్టంగా పెరిగిన చోట కూడా దొరకదు, ఎందుకంటే దాని కింద మరో తీగ పాకడం కష్టం. రోజంతా చేతిలో ఉంటే ఉదయం పడమటి మెట్టను, సాయంత్రం తూర్పు తోటలను చూడడం తేలిక.

వెతకాల్సిన తీగ

క్రిమ్సన్ రోజ్ పురుగు తినేది అరిస్టోలోకియా ప్రజాతి మొక్కలను. తెలుగు నేల మీద వాటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది ఈశ్వరి తీగ. నల్లేశ్వరి, ఈశ్వర వేరు, దూలగోవెల అని కూడా అంటారు. సన్నటి తీగ, కంచె మీదికో పొదలోకో పాకుతుంది. ఆకు ఆకారం నమ్మదగిన గుర్తు కాదు. ఒకే తీగ మీద కొన్ని ఆకులు కోలగా, కొన్ని నడుము నొక్కినట్టు ఉంటాయి. ఆకును వేళ్ల మధ్య నలిపితే వచ్చే ఘాటు వాసన మంచి గుర్తు. పువ్వు చిన్నది, లేత ఆకుపచ్చ గొట్టం, మూతి దగ్గర ఊదా గోధుమ రంగు నాలుక. గొట్టం లోపలి నూగు కిందికి వాలి ఉండడంతో, వాసనకు లోపలికి వెళ్లిన చిన్న ఈగ వెంటనే బయటికి రాలేదు. పుప్పొడి ఒంటికి అంటాక నూగు వడలిపోయి దారి వదులుతుంది.

తీగను దూరం నుంచి పట్టించేది ఎండు కాయ. పండాక కాయ తొడిమ వైపు నుంచి ఆరు పాయలుగా విడిపోతుంది. తొడిమ కూడా ఆరు పోగులుగా చీలడంతో కాయ మొత్తం ఉట్టిలా వేలాడుతుంది. అందులోని పలుచటి గింజలు గాలికి ఒక్కొక్కటే జారిపోతాయి. ఆకులు రాలిన కంచె మీద కూడా ఈ కాయలు నెలల తరబడి కనిపిస్తాయి. ఒకసారి చూసిన కంచెను గుర్తు పెట్టుకుంటే, వచ్చే వానాకాలంలో నేరుగా అక్కడికే వెళ్లవచ్చు.

రెండోది గాడిదగడపాకు. ఇది పైకి పాకదు, పొలం గట్ల మీద, బీళ్లలో నేల మీదే పరుచుకుంటుంది. ఆకు గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో ఉంటుంది. పువ్వు ముదురు ఊదా రంగు. రైతులు కలుపుగా పీకేసేది ఎక్కువగా దీన్నే.

గుడ్డు నుంచి రెక్కల దాకా

తీగ దొరికాక ఎగిరే సీతాకోకచిలుక కోసం ఆకాశం వైపు చూడడం కంటే ఆకుల అడుగున చూడడం మేలు. ఆడది తీగ చుట్టూ తక్కువ ఎత్తులో తచ్చాడుతూ, ఆకు మీద వాలి ముందు కాళ్లతో తడుతుంది. సీతాకోకచిలుక రుచిని కాళ్లతో కూడా పసిగడుతుంది. సరైన ఆకు అని తేలితే గుడ్డు పెడుతుంది. గుడ్లు ఒక్కొక్కటిగా, ఆకు అడుగునో లేత కాడ మీదో ఉంటాయి. రంగు నారింజ ఎరుపు.

గుడ్డు నుంచి వచ్చిన గొంగళిపురుగు ముదురు మెరూన్ రంగులో ఉండి, ఒంటి నిండా మెత్తటి ఎర్ర కండ ముళ్లతో కనిపిస్తుంది. చూడడానికి భయం పుట్టించినా ఈ ముళ్లు గుచ్చుకోవు, దురద పెట్టవు. కదిలిస్తే మాత్రం తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ము లాంటి అవయవం బయటికి చాచి దుర్వాసన వదులుతుంది. దీని దగ్గరి చుట్టం కామన్ రోజ్ పురుగు కూడా ఇదే తీగ మీద బతుకుతుంది. రెండింటినీ విడదీసే గుర్తు ఒక్కటే. కామన్ రోజ్ పురుగుకు నడుము దగ్గర తెల్లటి పట్టీ ఉంటుంది, క్రిమ్సన్ రోజ్ పురుగుకు ఉండదు. నాలుగుసార్లు కుబుసం విడిచి పెరిగాక అది తీగకో పక్కనున్న పుల్లకో పట్టు దారంతో నడుము కట్టుకుని, ఎండుటాకు రంగు ప్యూపాగా మారుతుంది.

ఒక తీగ మీద కొరికిన ఆకులు, ఖాళీ ప్యూపా తొక్క కనిపిస్తే ఈ రెండు చుట్టాల్లో ఏదో ఒకటి అక్కడ ఉందనుకోవచ్చు. తెల్లటి పట్టీ లేని పురుగు కనిపిస్తే ఆ చోటు క్రిమ్సన్ రోజ్‌దేనని చెప్పవచ్చు. ఎగిరే సీతాకోకచిలుకను చూస్తే అది అటుగా వచ్చిందని మాత్రమే తెలుస్తుంది. పురుగును చూస్తే అక్కడే పుట్టి పెరుగుతోందని తెలుస్తుంది. అందుకే శాస్త్రానికి రెండో సమాచారం ఎక్కువ విలువైనది.

తీగలోని విషం

ఈశ్వరి తీగలో అరిస్టోలోకిక్ ఆమ్లాలు ఉంటాయి. గొంగళిపురుగు ఆకుతో పాటు వాటినీ మింగి, ఒంట్లో నిలవ చేసుకుంటుంది. ప్యూపా దశ దాటి రెక్కలు వచ్చాక కూడా ఆ విషం పోదు. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ ఆ ఎరుపు, నలుపు రంగుల జోలికి పోదు. ఆ ధీమాతోనే క్రిమ్సన్ రోజ్ నిదానంగా, కంటికి ఆనేలా ఎగురుతుంది.

పల్లె వైద్యంలో ఈశ్వర వేరుకు పాముకాటు మందుగా పేరుంది. అయితే ఇదే ఆమ్లం మనుషుల మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఆధునిక వైద్యం నిర్ధారించింది. బెల్జియంలో బరువు తగ్గడానికి వాడిన మాత్రల్లో ఈ ప్రజాతికి చెందిన చైనా మూలిక కలవడంతో అనేకమంది మహిళలకు మూత్రపిండాలు పాడయ్యాయని 1993లో వైద్యులు ప్రకటించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అరిస్టోలోకిక్ ఆమ్లాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో పెట్టింది. తీగను వెతికేవారు ఆకు నలిపి వాసన చూడడంతో ఆపి, చేతులు కడుక్కోవాలి. నోట పెట్టుకోకూడదు. పాము కరిస్తే వెళ్లాల్సింది ఆసుపత్రికే.

నిమ్మతోటలో నకలు

మనుబోలు, పొదలకూరు, గూడూరు ప్రాంతం నిమ్మకు పేరు పడింది. గూడూరు నిమ్మ మార్కెట్ నుంచి కాయలు ఉత్తరాది నగరాలకూ వెళ్తాయి. క్రిమ్సన్ రోజ్‌ను వెతికేవారు ఎక్కువగా మోసపోయేదీ ఈ తోటల్లోనే.

నిమ్మ, కరివేపాకు చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుకల్లో కామన్ మార్మన్ ఒకటి. దాని మగది నల్లగా, వెనక రెక్కల మీద తెల్లటి మచ్చల పట్టీతో ఉంటుంది. ఆడది మాత్రం మూడు రూపాల్లో పుడుతుంది. ఒక రూపం మగదాన్ని పోలి ఉంటుంది. రెండోది కామన్ రోజ్‌ను అనుకరిస్తుంది. రోములస్ అని పిలిచే మూడోది అచ్చం క్రిమ్సన్ రోజ్ వేషం వేస్తుంది. కామన్ మార్మన్ ఒంట్లో విషం లేదు. పిట్టలకు అది మంచి మేతే. విషమున్నదాని రంగులు వేసుకుని ప్రాణం కాపాడుకుంటుంది.

ఒకప్పుడు ఈ రూపాలను వేరు వేరు జాతులనుకున్నారు. ఇవన్నీ ఒకే జాతి ఆడవని ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1865లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. ఇంత తేడాను నడిపేది డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువని పరిశోధకుడు కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులు 2014లో నేచర్ పత్రికలో వెల్లడించారు. మామూలుగా ఆడ, మగ లక్షణాలను నిర్ణయించే జన్యువు అది.

నకలును పట్టించే గుర్తు ఒళ్లు. రెక్కలు ఎంత పోలినా రోములస్ పొట్ట నల్లగానే ఉంటుంది. క్రిమ్సన్ రోజ్ పొట్ట ఎర్రగా ఉంటుంది. పువ్వు మీద వాలినప్పుడు రెక్కలను వదిలి పొట్టను చూస్తే అనుమానం తీరిపోతుంది. ఎగిరే తీరు రెండో గుర్తు. మామూలుగా రోములస్ కూడా నింపాదిగానే ఎగురుతుంది గానీ, బెదిరితే వంకరటింకరగా దూసుకుపోతుంది. ఇక కామన్ రోజ్‌కు పొట్ట ఎర్రగానే ఉన్నా ముందు రెక్కల మీద తెల్లటి పట్టీలు ఉండవు. తెలుపు దాని వెనక రెక్కల నడుమ ఉంటుంది.

అయితే రోములస్ కనిపించడం నిరాశ పడాల్సిన విషయం కాదు. అసలు తిరిగే ప్రాంతాల్లోనే ఈ నకలు ఉంటుంది. పిట్టలకు క్రిమ్సన్ రోజ్ చేదు తెలియని చోట ఆ వేషం వల్ల లాభం లేదు. కాబట్టి నిమ్మతోటలో రోములస్ దొరికితే, ఆ తోట కంచెను ఒకసారి జాగ్రత్తగా చూడాలి.

రోజులో ఏ వేళ ఏం కనిపిస్తుంది?

సూర్యోదయం తరువాత మొదటి గంటలో సీతాకోకచిలుకలు తూర్పు ముఖంగా ఉన్న పొదల మీద రెక్కలు పరిచి ఎండ కాగుతాయి. కదలిక తక్కువ కాబట్టి దగ్గరగా చూడడానికి, ఫొటో తీయడానికి ఇది మంచి వేళ. డిసెంబరు, జనవరిలో పొగమంచు ఉంటే ఈ గంట ఇంకాస్త వెనక్కి జరుగుతుంది.

ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా పువ్వుల వేళ. క్రిమ్సన్ రోజ్ లాంటానా పూలను బాగా ఇష్టపడుతుంది. ఇళ్ల ముందరి నూరువరహాలు, మందార మీదికీ వస్తుంది. పువ్వు మీద కూర్చున్నా ముందు రెక్కలు కొట్టుకుంటూనే ఉంటాయి. అందుకే ఫొటోల్లో రెక్క కొసలు తరచూ మసకబారతాయి. సెకనులో వెయ్యో వంతు అంతటి వేగంతో షట్టర్ పెడితే ఈ ఇబ్బంది ఉండదు. వెనక నుంచి నీడ పడకుండా, పక్కవైపు నుంచి మెల్లగా జరగాలి.

పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు దాకా మగవి తెరిపి చోట్ల చెట్ల కొసల ఎత్తున తిరుగుతాయి. ఆడవి తీగ చుట్టూ చేరేది ఈ వేళలోనే. కంచె దగ్గర నీడలో కూర్చుని కదలకుండా చూస్తే గుడ్డు పెట్టడం కంటపడవచ్చు. సాయంత్రం ఎండ వాలాక ఇవి ఒకే చెట్టు మీద, పుల్లల కొసలకు పక్కపక్కన వేలాడుతూ నిద్రకు చేరతాయి. ముందు రెక్కలు వెనక్కి వాల్చి, వెనక రెక్కలను సగం కప్పుకుంటాయి. ఇలాంటి గుంపులో కామన్ రోజ్‌లు కూడా కొన్ని ఉంటాయి. నిద్ర చెట్టు దొరికితే పగలంతా విడివిడిగా కనిపించిన వాటిని ఒకేచోట లెక్కపెట్టవచ్చు.

తీసుకెళ్లాల్సినవి, రాసుకోవాల్సినవి

వల అక్కర్లేదు. అనుమతి లేకుండా రక్షిత జాతిని పట్టడం నేరం. పైగా గుర్తుపట్టడానికి రెక్కలు, పొట్ట కనిపించే ఫొటో చాలు. బైనాక్యులర్ కొంటే రెండు మీటర్ల దూరంలోని వస్తువును కూడా చూపగలిగేది కొనాలి. పొదల్లో రక్తపింజరి తిరిగే నేల ఇది. మడమ పైదాకా కప్పే బూట్లు, చేతిలో కర్ర అవసరం. తోటలోకి అడుగు పెట్టే ముందు రైతును అడగడం మర్యాద, లాభం కూడా. ఈశ్వరి తీగ ఏ కంచె మీద ఉందో చెప్పగలిగేది ఆయనే.

నోటుపుస్తకంలో తేదీ, వేళ, చోటు, వాతావరణం, ఎన్ని కనిపించాయి, ఏ పువ్వు మీద, ఏ దశలో అన్నవి రాయాలి. తీగ ఉండి సీతాకోకచిలుక కనిపించకపోతే అదీ రాయాలి. లేకపోవడాన్ని ఎవరూ నమోదు చేయకపోతే, ఒక జాతి ఎప్పుడు తగ్గడం మొదలైందో తరువాత ఎవరికీ తెలియదు. ఐనేచురలిస్ట్ వంటి యాప్‌లో ఫొటో, చోటు పెడితే ఇతరులు జాతిని సరిచూస్తారు, ఆ నమోదు పరిశోధకులకూ అందుతుంది.

కంచె మారితే

క్రిమ్సన్ రోజ్‌కు మనుషులు పట్టుకోవడం వల్ల కలిగే నష్టం కంటే తీగ పోవడం వల్ల కలిగే నష్టం ఎక్కువ. ముళ్ల కంప కంచె తీసి సిమెంటు స్తంభాలు, ఇనుప తీగ వేస్తే ఈశ్వరి పాకడానికి ఆసరా పోతుంది. గట్ల మీద కలుపు మందు కొడితే గాడిదగడపాకు మాడిపోతుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట పోయేది పక్కనున్న పొదే. పాముకాటు మందుకని వేరుతో సహా తవ్వడం మరో కారణం.

దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఎండు కాయలోని గింజలు వాన మొదట్లో కంచె వారగా చల్లితే తీగ మొలుస్తుంది. పశువులు సాధారణంగా దీని జోలికి రావు. పక్కన నూరువరహాలు ఉంటే తేనె కూడా దొరుకుతుంది. బడి తోటలో ఒక మూల ఈ రెండూ పెంచితే గుడ్డు నుంచి రెక్కల దాకా అన్ని దశలూ పిల్లలు అక్కడే చూడవచ్చు. ఆకు నోట పెట్టుకోకూడదన్న హెచ్చరిక మాత్రం పక్కనే రాసి పెట్టాలి.